లెక్కలో లేని వాటా

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, పటమటలోని ఇంటి నుంచి స్కూటీ మీద ఆఫీసుకు బయల్దేరింది అపూర్వ. పొద్దుటి నుంచీ ముసురే. ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ వెంకటప్పయ్య కుర్చీలో జోగుతున్నాడు.

"ఆదివారం కూడా ఏంటమ్మా?"

"గంట పనండీ. చూసుకుని వెళ్ళిపోతా."

చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న ఆసుపత్రుల రికార్డులు దాచిపెట్టే కంపెనీ అది. పాత కంప్యూటర్లన్నీ తీసేసి రెండు పెద్ద సర్వర్లు కొన్నారు. ఒక్కోదాని మీద ఎన్ని వర్చువల్ మెషీన్లు నడపొచ్చో తేల్చడం అపూర్వ పని. అవేంటని వాళ్ళమ్మ అడిగితే ఇలా చెప్పింది: "పెద్ద ఇంటిని వాటాలు చేసి అద్దెకిస్తారు చూడు, అలాగన్నమాట. బయటికి ఒకటే ఇల్లు, లోపల ఎవరి కాపురం వాళ్ళది. ప్రాసెసరంటే పెరట్లో పంపు. వంతులేసుకుని వాడుకోవచ్చు. మెమరీ అంటే పడుకునే చోటు. ఎవరిది వాళ్ళకుండాల్సిందే."

సర్వర్ మెమరీ ఐదువందల పన్నెండు జీబీ. దాని సొంతానికి ముప్పై రెండు పోగా మిగిలింది నాలుగువందల ఎనభై. మెషీనుకు పదహారు చొప్పున ముప్పై పడతాయి. కానీ పక్క సర్వర్ ఆగిపోతే అందులోని ముఖ్యమైనవాటికి ఇక్కడ చోటుండాలి. అందుకని ఆరు ఖాళీగా వదిలి, ఇరవై నాలుగని రాసింది.

మేనేజర్ విశ్వేశ్వర్ గారికి అది మింగుడు పడలేదు. "నీకు ముందు ఈ పని చూసిన దత్తాత్రేయ, కొనేముందు ముప్పై అని రాసిచ్చాడు కదమ్మా. నువ్వూ ఒకసారి నడిపి చూడు."

"ఆయన్నే అడుగుదామా అండీ?"

"పోయిన వేసవిలో పోయాడు," అని ఆయన మాట మార్చేశారు.

సర్వర్ గది మూడో అంతస్తులో ఉంది. కిటికీల్లేవు. లోపలికెళ్ళగానే వెనక తలుపు టక్కున పడింది. చలి. కొత్త ప్లాస్టిక్ వాసన. రెండో సర్వర్ ఇంకా మొదలుపెట్టలేదు; ఒక్కదాని ఫ్యాన్లే గదంతా రొద పెడుతున్నాయి. తడిసిన చున్నీని కుర్చీకి ఆరేసి, ఉత్తుత్తి మెషీన్లను ఒక్కొక్కటే మొదలుపెట్టింది.

ఇరవై నాలుగోది కూడా లేచింది. వాడకం నాలుగువందల పదహారు చూపించాలి.

నాలుగువందల ముప్పై రెండు చూపిస్తోంది.

ఒక మెషీను ఎక్కువ. జాబితాలో పేర్లు వేలు పెట్టి లెక్కపెట్టింది. ఇరవై నాలుగే. ఎక్కడో తప్పు చేశాననుకుని అన్నిటినీ ఆపేసింది. సర్వర్ సొంత వాడకం ముప్పై రెండే మిగలాలి.

నలభై ఎనిమిది.

ఎవరో లోపలే ఉన్నారు. పేరు లేకుండా.

అప్పుడే కరెంటు పోయింది. దీపాలారిపోయాయి, ఏసీ మూలిగి ఆగింది. బ్యాటరీ మీద సర్వర్ మాత్రం తిరుగుతూనే ఉంది. తలుపు దగ్గరికెళ్ళి మీట నొక్కింది. రాలేదు. మళ్ళీ నొక్కింది. భుజంతో తోసింది. ఫోనులో సిగ్నల్ లేదు.

గదిలో వేడి మొదలైంది. చూస్తుండగానే కుర్తా వీపుకి అతుక్కుపోయింది. గాలి చిక్కబడ్డట్టుంది. చెమట వాసన... తనది కాదు. మగమనిషి చెమట, చాలాసేపట్నుంచి పట్టినట్టు పులిసిన వాసన.

గోడకున్న ఇంటర్‌కమ్ తీసింది.

"వెంకటప్పయ్యగారూ! తలుపు రావట్లేదండీ!"

అవతల ఎవరో కష్టంగా ఊపిరి తీశారు.

"ఎన్ని పడతాయన్నారండీ?" మెల్లగా, మర్యాదగా ఉంది ఆ గొంతు.

"ఎవరండీ మీరు?"

"ఇరవై నాలుగేనండీ... నేనూ అదే అన్నాను. ముప్పై రాయమన్నారు. రాశాను."

"దత్తాత్రేయ గారా..."

"ఇక్కడ ఊపిరాడట్లేదండీ."

రిసీవర్ చేతిలోంచి జారి తాడుకు వేలాడింది. గొంతు మాత్రం ఆగలేదు. ఇప్పుడది సర్వర్ వెనక నుంచి వస్తోంది.

"ఒకటి ఖాళీ చేస్తే... ఇంకొకటి పడుతుంది కదండీ?"

ఆమె నేల మీద పాకుతూ వెళ్ళింది. చీకట్లో తడిమి సర్వర్ వెనకున్న రెండు కరెంటు తీగలు పట్టుకుంది. ఒకటి లాగింది. రెండోది బిగుసుకుపోయింది. చెవి పక్కనే వేడి... ఎవరో వంగినట్టు...

కాళ్ళు తన్నిపెట్టి లాగింది. ఊడొచ్చింది.

రొద ఒక్కసారిగా చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె మెడ మీదుగా పొడుగ్గా ఒక నిట్టూర్పు వెళ్ళింది. బరువు దించుకున్న మనిషి నిట్టూర్పు.

తాళం తిరిగింది. టార్చి వెలుతురు. వెంకటప్పయ్య రొప్పుతూ నిలబడ్డాడు.

"కరెంటు పోగానే పరిగెత్తుకొచ్చానమ్మా. దత్తాత్రేయ గారప్పుడు నేను సెలవులో ఉన్నాను. శనివారం సాయంత్రం కరెంటు పోయి ఇలాగే తలుపు బిగుసుకుపోతే... సోమవారం దాకా ఎవరూ చూడలేదు. లోపలే పోయారు. రండి. ముందు బయటికి రండి."

చెయ్యి పట్టుకుని గేటు దాకా దింపాడు. ఆమె వర్షంలో నిలబడి తనివితీరా గాలి పీల్చింది.

ఇంటికొచ్చి తలస్నానం చేసింది. అమ్మ కాఫీ కలిపిచ్చింది. ఆరు గంటలప్పుడు విశ్వేశ్వర్ గారి ఫోనొచ్చింది.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"ఇంట్లోనండీ."

ఆయన వెనక దబదబమని చప్పుడు.

"విషయం తెలిసి ఆఫీసుకొచ్చాను. సర్వర్ గదిలోంచి ఎవరో తలుపు బాదుతున్నారు." ఆయన గొంతు బాగా తగ్గించారు. "ఆడపిల్ల ఏడుస్తోంది. నీ గొంతే."

"ఆయమ్మని నేనే స్కూటీ ఎక్కించానండీ!" పక్కన వెంకటప్పయ్య వణుకుతూ అంటున్నాడు.

"తాళం నా చేతిలో ఉంది," అన్నారు విశ్వేశ్వర్ గారు. "తియ్యమంటావా?"

వద్దండీ, అందామని నోరు తెరిచింది అపూర్వ. పెదాలు కదిలాయి. గొంతులోంచి గాలి కూడా రాలేదు.

"వద్దండీ..."

ఆ మాట ఫోనులో వినబడింది. దూరంగా, తలుపు అవతల నుంచి.