నాన్న వైర్‌లెస్ సెట్ జప్తు

మా ఇంటి గుట్టు ఏడు తరాలుగా గడప దాటి ఎరగదు. ఆ పొద్దున్న ఇద్దరు అధికారులు దాన్ని టేపు మీద ఎక్కించుకుని, గడప లోపలికే తెచ్చి వినిపించారు.

నాన్న పంపుల మెకానిక్. ఇంట్లో ఆయన మాట కుక్కర్ కూడా వినదు. అందుకే లైసెన్స్ తీసుకుని, మేడ మీది గదిలో వైర్‌లెస్ సెట్ పెట్టుకున్నాడు. భూగోళం అవతల ఉన్న ఎవరెవరికో ఇక్కడ మబ్బు పట్టిందని చెబుతుంటాడు. వాళ్లు అక్కడ ఎండగా ఉందంటారు. ఈ ఘనకార్యం చేసి కిందికి దిగేటప్పుడు ఆయన ముఖం చూస్తే, ఆ మబ్బులు ఆయనే పట్టించాడేమో అనిపిస్తుంది.

కళ్లద్దాల అధికారి టేప్ రికార్డర్ మీట నొక్కాడు.

"అన్ని టాక్సీలూ వినండి. శ్మశానం గేటు దగ్గర పెళ్లివారు ఎదురుచూస్తున్నారు. వెంటనే వెళ్లండి" అంటూ ఒక బొంగురు గొంతు. ఆ వెనకే, ఎంతో మర్యాదగా, ఒక్కో అక్షరమూ విడివిడిగా, నాన్న లైసెన్స్ మీదున్న స్టేషన్ గుర్తు.

"టాక్సీ కంపెనీ లైన్లో దూరి ఇంత వెధవ పని చేసి, చివర్లో తన చిరునామా తనే చెప్పుకున్నవాణ్ణి నా సర్వీసులో చూడలేదు" అన్నాడా అధికారి. "ఊళ్లో టాక్సీలన్నీ శ్మశానానికి పోయాయి. నొప్పులు పడుతున్న ఒకమ్మాయి పాల వ్యానెక్కి ఆసుపత్రికి వెళ్లింది."

మాట్లాడటం అయిపోగానే స్టేషన్ గుర్తు చెప్పి తీరాలన్నది నాన్న నియమం. ఇంటిల్లిపాదికీ నూరిపోశాడు. అమ్మ ఒకసారి ఫోన్లో అత్తయ్యతో పోట్లాడి, చివర్లో ఆ గుర్తు చెప్పి మరీ పెట్టేసింది.

నాన్న అమ్మని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నేనే చేశాను" అన్నాడు.

అమ్మ నవ్వింది. "మీరా? పక్కింటి కుక్కని అదిలించలేరు, ఊరిని ఆడిస్తారా?"

"నేనేనన్నాగా. సెట్ తీసుకెళ్లండి సార్."

"సెట్ ఎలాగూ పోతుందండీ" అన్నాడు కళ్లద్దాలాయన. "చేసింది ఎవరైనా, నేరానికి వాడింది జప్తు చేయాల్సిందే. మీరే చేశారని సంతకం పెడితే లైసెన్స్ కూడా పోతుంది. ఇంక జన్మలో మైకు ముట్టుకోలేరు."

నాన్న తలూపాడు. ఏం చెప్పినా ఊపే తలే కదా అది. ఈసారి మాత్రం కదలడానికి చాలాసేపు పట్టింది.

రెండో అధికారి వైర్లు పీకి, సెట్టును గోనెసంచిలో వేయబోయాడు. నాన్న తన దుప్పటి తెచ్చి దానికి చుట్టాడు.

"లోపల గాజు గొట్టాలున్నాయి బాబూ. మెల్లిగా పట్టుకెళ్లండి."

"నువ్వెందుకే ఏడుస్తున్నావు?" అంది అమ్మ నాతో.

"పొగ."

"స్టవ్ ఇంకా వెలిగించనే లేదు."

నాన్న పెన్ను అందుకున్నాడు. నేను లాక్కున్నాను.

"ఆయనకి అబద్ధమాడటం రాదు సార్" అన్నాను. "ఈ ఇంట్లో ఆ విద్య నా ఒక్కదానికే వచ్చు. ఆ బొంగురు గొంతు నేను పెట్టిందే."