చెయ్యి వదలని గని

తాండూరు నుంచి బషీరాబాదు పోయే తోవలో, బండల పాలిషింగు షెడ్లు దాటినాక ఒక పాత గని ఉండేది. బండ తీసి తీసి, అడుగున నీళ్లు ఊరంగనే వదిలేసిన గని. పొద్దు గూకినాక ఆ దిక్కు పోవాల్సి వస్తే మొగోళ్లు సుత బీడీ ముట్టించుకోంది అడుగు వేసేవాళ్లు కాదు.

ఆ గనిలో దెయ్యం ఉన్నదని చెప్పుకునేవాళ్లు.

తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. అది ఎవరి కంటికీ కనబడలేదు. అది చేసేది ఒక్కటే పని — నీళ్లకు దిగినవాళ్ల చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకున్నదంటే... వదలదు.

మొదలు మొగులప్ప బర్రె పోయింది. నీళ్లు తాగుకుంట తాగుకుంట, అరవనన్నా అరవకుండా కూలిపోయింది. తర్వాత రహీమాబీ. షెడ్డులో బండలు మోసే గట్టి మనిషి. బిందె ముంచబోయి మెట్టు మీదనే బిగుసుకపోయిందట. ఎంతసేపో ఆమెకే తెలియదు. ఉన్నట్టుండి ఎవరో విసిరేసినట్టు వెనక్కి పడ్డది. మూడు రోజులు నోట మాట లేదు. నాలుగో రోజు మెల్లగా అన్నది —

"ఎవరో చెయ్యి పట్టిర్రు. మస్తు తాకత్. నా ఏళ్లు నేనే ఇప్పుకోలేకపోయిన..."

ఇంకో వింత చూడండి. ఏ దెయ్యమైనా చీకటిని కోరుకుంటుంది కదా. ఈ గని దెయ్యం మాత్రం చీకటంటే దాక్కునేది. కరెంటు లేని రాత్రి ఆడవాళ్లు దిగి, నిమ్మళంగా నీళ్లు ముంచుకొని వచ్చేవాళ్లు. షెడ్లలో బల్బులు వెలిగిన రాత్రే దానికి ఆకలి. దీపం చూసి లేచే దెయ్యాన్ని మా తాతల కాలంల సుత ఇనలేదని ముసలమ్మలు ముక్కున వేలేసుకునేవాళ్లు.

ఎనభై మూడు ఎండాకాలంలో బావులన్నీ అడుగంటినయి. గని నీళ్లే దిక్కు. పగలంతా కూలికి పోయే ఆడవాళ్లు నీళ్లకు దిగేది పొద్దు గూకినాకనే.

ఆ గని ఒడ్డు షెడ్డులో నర్సప్ప వెల్డింగు మేస్త్రి. పగలు కరెంటు ఉండేది కాదు. రాత్రి ఏడుకో ఎనిమిదికో వచ్చేది. వచ్చిందంటే పాలిషింగు మిషన్లు, గనిలోంచి నీళ్లు తోడే మోటరు, నర్సప్ప వెల్డింగు మిషను — అన్నీ ఒక్కసారే లేచేవి. విరిగిన ట్రాలీలు, తెగిన ఇనుప పట్టీలు అతుకుపెట్టడం అతని పని. ఇనుముతోని ఇరవై ఏండ్ల చుట్టరికం.

అందుకే, నీళ్లకు పోవాలంటే గుండె జల్లుమంటున్నదని పెండ్లాం భాగమ్మ అంటే నవ్విండు.

"మేస్త్రి పెండ్లానివి. నువ్వు భయపడుడేందే?"

"నీకేమయ్యా, మొఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకొని కూసుంటవు. దెయ్యమొచ్చినా కనబడది, నేనొచ్చినా కనబడ."

"సరే, ఇను. దెయ్యానికి ఇనుమంటే పడది. బాలింత తలాపున కొడవలి ఎందుకు పెడ్తరు మరి? గనిల మెట్ల పొంటి మోటరు పైపు ఉన్నది గద. దాన్ని గట్టిగ పట్టుకొని దిగు. నీళ్లు ముంచేదాంక పట్టు ఇడ్వకు."

మొగడు ఇనుము తెలిసినవాడు. ఆ మాట మీద భాగమ్మకు ధైర్యం వచ్చింది.

"గట్లనే చేస్త తియ్," అని బిందె చంకకెత్తుకున్నది.

ఆ రాత్రి కరెంటు జర ముందే వచ్చింది. నర్సప్ప ట్రాలీ ముందు చెక్క మీద కూర్చొని, నల్లద్దం మొఖానికి ఆనించి, కడ్డీ ముట్టించిండు. నీలి వెలుగు షెడ్డంతా ఎగిరెగిరి పడుతున్నది. ఒక అతుకు... రెండో అతుకు... మూడోది మొదలు పెట్టిండో లేదో, వెనక ఎవరో నిలబడ్డట్టయింది.

రహీమాబీ.

"నర్సన్నా..." గని దిక్కు చెయ్యి చూపింది ఆమె. "భాగమ్మ మెట్ల మీద నిలబడ్డది. పిలిస్తే పలుకుతలేదు. దగ్గరికి పోవాలంటే... నాకు కాళ్లు ఆడ్తలేవు."

నర్సప్ప చేతిలోది కింద పడేసి ఉరికిండు. వెనక మిషను గుయ్యిమని మూలుగుతనే ఉన్నది.

కింది మెట్టు. చీలమండల దాకా నీళ్లు. రెండు చేతులతోని పైపు పట్టుకొని భాగమ్మ నిలబడి ఉన్నది, ఇటు వీపు పెట్టి. పక్కన బిందె నీళ్ల మీద తిరుగుతున్నది.

"భాగీ..."

పలుకు లేదు. ఒళ్లంతా సన్నగా వణుకుతున్నది, చలిజ్వరం వచ్చిన మనిషి లెక్క.

భుజం మీద చెయ్యి వేసిండు —

అంతే. దెయ్యం అతన్ని సుత పట్టుకున్నది. వేళ్ల కొనల నుంచి పండ్ల దాకా పాకింది. దవడ బిగుసుకపోయింది. అరుద్దామంటే గాలి రాదు. చెయ్యి గుంజుకుందామంటే ఆ చెయ్యి తనది కాదు. ఇద్దరూ ఆ నీళ్లలో, ఒకరి వెనక ఒకరు, అట్లనే...

ఉన్నట్టుండి షెడ్లన్నీ చీకటైనయి. మిషన్ల రొద ఆగింది. కరెంటు పోయింది.

ఆ గడియలోనే దెయ్యం చెయ్యి వదిలింది.

ఇద్దరూ మెట్ల మీద కూలిండ్రు. నర్సప్ప పెండ్లాం తలను ఒళ్లో పెట్టుకొని పిలిచిండు. మొఖం మీద నీళ్లు చల్లిండు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిండు. మళ్లీ పిలిచిండు. చానాసేపు పిలిచిండు.

పైనుంచి రహీమాబీ గుసగుస వినబడ్డది.

"లైటు పోంగనే ఇడిసిపెట్టె, నర్సన్నా. నన్ను సుత... గిట్లనే, లైటు పోంగనే."

ఆ మాట చీకట్లో నర్సప్ప చెవిలో ఆగిపోయింది. లైటు పోంగనే పోతది. అయితే ఎక్కడికి పోతది? ఎక్కడి నుంచి వస్తది?

భాగమ్మను మెట్టు మీద పండబెట్టి, పైట సరిచేసి, లేచిండు. పైపు మీద చెయ్యి పెట్టిండు. ఇప్పుడది ఉత్త ఇనుము, సల్లగ ఉన్నది. దాన్ని తడుముకుంట ఒక్కొక్క మెట్టూ ఎక్కిండు... మోటరు కాడ పైపు వంపు తిరిగింది. అదీ తడిమిండు. అక్కడి నుంచి షెడ్డు గోడ పొంటి... ఇంకో నాలుగు అడుగులు...

వేళ్లకు ఏదో తగిలింది.

రాగి తీగ. మూడు చుట్లు. పైన గుడ్డ పేలికతోని బిగించిన ముడి.

ఎవరి ముడి వాళ్ల వేళ్లకు తెలుస్తది. అది నర్సప్పదే.

వెల్డింగు మిషను నుంచి వచ్చే అర్తింగు వైరు ఏ ఇనుమును అతుకుతుంటే ఆ ఇనుముకే కట్టాలె. ప్రతి పనికీ విప్పి కట్టుడు తిప్పలని, ఆరు నెలల కింద దాన్ని తెచ్చి ఈ పైపుకు కట్టేసిండు. షెడ్డులో ఇనుమంతా ఎక్కడో ఒక కాడ ఆ పైపుకు తగులుతనే ఉంటది. ఇగ ఎక్కడ కడ్డీ ఆనిస్తే అక్కడ మంట. ఎంత అల్కగ అయిపాయెనని షెడ్డు సేటు రాజేందర్ అప్పుడు మెచ్చుకున్నడు.

మొగులప్ప బర్రె పోయింది ఆ వారంలోనే.

చీకట్లోనే పోయి మెయిను కిందికి గుంజి, ఆ ముడి విప్పిండు. విప్పడానికి చానాసేపు పట్టింది.

తెల్లారి వికారాబాదు నుంచి లైన్‌మన్ ఇమాముద్దీన్ వచ్చి మిషను ఇప్పి చూసిండు.

"లోపల తీగె మీది తొడుగంతా కాలిపోయింది, నర్సప్పా. లైను కరెంటు సీదా నీ వైర్లల్లకు దిగుతున్నది. డబ్బాకన్నా భూమిలకు తీగె ఇయ్యకపోతివి."

"నేను దినాం ముట్టుకుంట గద, ఇమామ్ భాయ్. ఎన్నడన్న జర జుమ్మనేది, అంతే. వెల్డింగు కరెంటు మనిషిని ఏం చెయ్యదంటరు."

"నీ కాళ్లకు బూట్లు. కింద ఎండు చెక్క." ఇమాముద్దీన్ గని దిక్కు చూసిండు. "ఆమె ఉత్త కాళ్లతోని నీళ్లల్ల నిలబడె."

సేటు పక్కకు పిలిచి మెల్లగా చెప్పిండు. "ఊరంత దెయ్యమనే అంటున్నరు. గట్లనే ఉండనియ్. నువ్వు జైలుకు పోతే పోయినామె వస్తదా?"

వారం తిరగకముందే భీమప్ప అని కొత్త మేస్త్రి దిగిండు. అదే మిషను, బాగు చెయ్యకుండనే. వైరు ఎక్కడ కట్టాలని అడిగితే పైపుకు కట్టుమన్నరట. సంగతి తెలిసి నర్సప్ప పోయి బతిలాడిండు. భీమప్ప ఓపికగానే విన్నడు.

"వెల్డింగు కరెంటుకు మనిషి సచ్చుడేంది, మేస్త్రీ. నీకు దుఃఖం మీద గట్ల అనిపిస్తున్నది. పో, జర పండుకో."

పదకొండో రోజు బంట్వారం నుంచి వచ్చిన చుట్టాలందరూ వాకిట్లో కూర్చున్నరు. పొద్దు గూకింది. కరెంటు వచ్చినట్టుంది, షెడ్ల దిక్కు నుంచి మిషన్ల రొద మొదలైంది. భాగమ్మ తల్లి ఇంద్రమ్మ, అన్ని రోజులూ గోడకు ఆనుకొని మాట్లాడని మనిషి, జరిగి జరిగి అల్లుని దగ్గరికి వచ్చింది.

"కొడుకా, నువ్వైతే కండ్లార చూస్తివి," అన్నది చెవిలో చెప్పినట్టు. "నా బిడ్డను పట్టుకున్నది... ఎట్లుండె?"

వాకిట్లో ఆడవాళ్లు ఇటు జరిగిండ్రు.

చెప్పద్దన్న సేటు మాట యాదికొచ్చింది. జైలు యాదికొచ్చింది. నర్సప్ప తన చేతుల దిక్కు చూసుకున్నడు. చెప్పకపోతే ఆ ముడి మళ్ల ఎవరినో పట్టుకుంటది.

"నా లెక్కనే ఉండె, అత్తా," అన్నడు. "నేనే."

ఇంద్రమ్మ అతని మొఖంలోకి చూసింది. తర్వాత మెల్లగా తల ఊపింది. చుట్టూ కూర్చున్నవాళ్లు సుత ఒక్కొక్కరే ఊపిండ్రు. ఒకామె ఒళ్లో పిల్లను దగ్గరికి పొదువుకున్నది.

"గదా సంగతి," అన్నది ఇంద్రమ్మ. "మొగని రూపమేసుకొని వచ్చింది. గందుకే... నా బిడ్డ నువ్వనుకొని చెయ్యిచ్చింది."