చార్జిమన్ గారి ఫిట్ చిట్టీ

ఆ బుధవారం పొద్దున్న కనకం ఉతికిన చీర కట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. గుమ్మానికి అడ్డంగా భర్త నిలబడి ఉన్నాడు. ఆ ఏడాది లండనులో కొత్త చక్రవర్తికి పట్టాభిషేకమూ, బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు త్రినాథరావు గారికి చార్జిమన్ పదవీ ఒక్క నెలలోనే జరిగాయి. రెంటిలో ఏది గొప్పదో త్రినాథరావు గారికి సందేహం లేదు. నలభై మంది ఖలాసీ కూలీల పాలిటి ప్రత్యక్షదైవం అడ్డంగా నిలబడితే మెయిలుబండి సైతం ఆగవలసిందే. భార్య అనగా ఎంత?

“ఎక్కడికి?”

“ఆసుపత్రికండి. పోయిన బుధవారం ఎల్లనివ్వనేదు. నీరు మళ్ళీ నిండిపోనాది... నడుస్తుంటే కుండలో నీల్లలాగ కదుల్తున్నాది.”

“అచ్ఛా. మరి అదేటి?” అంటూ ఆయన గోడకేసి చూపుడువేలు చాచారు.

గోడమీద సింహాద్రి అప్పన్న పటం పక్కన, అద్దం కట్టించిన కాగితం ఒకటి వేలాడుతోంది. దానికి కూడా రోజూ కుంకుమబొట్టు. అయిదు కాన్పులతో కండ చీలి, కనకానికి బొడ్డు దగ్గర పేగు పొడుచుకొచ్చి, పొట్ట తోలు తొడలమీదికి జారిపోయింది. రైల్వే ఆసుపత్రి పెద్ద డాక్టరు పేగును లోపలికి నెట్టి, కండను కుట్టి, వేలాడే తోలును కోసి తీసేశాడు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కుట్లు. “తోలు లోపలి కండకు అంటుకునేదాకా మధ్యలో నీరు చేరుతుంది. భయం లేదు, ప్రతి బుధవారం వస్తే సూదితో తీస్తాను. నడుముకు గట్టిగా గుడ్డ కట్టుకో, బరువెత్తకు” అని చెప్పి, ఆ మాటలే ఈ కాగితంమీద ఇంగ్లీషులో రాసి, రెండు నెలల క్రితం ఇంటికి పంపాడు.

త్రినాథరావు గారి దృష్టి అంత దిగువ విషయాలకు దిగలేదు. ఆయనకు కనిపించినవి సంతకమూ, ముద్రా. మరమ్మతు పూర్తయిన ఇంజనుకు షెడ్డులో ఇచ్చే ఫిట్ చిట్టీకీ అవే లక్షణాలు. ఫిట్ చిట్టీ పుట్టిన పిమ్మట ఇంజనుకు నొప్పి ఉండదు. బండి లాగడమే దాని ధర్మం. ఈ తర్కాన్ని కాశీ పండితులు కూడా ఖండించలేరు. ముందుగా వారికి నవ్వు ఆగాలి గనక.

“ముద్ర పడ్డాక లోపం ఉంటాదేటే? ఇవాళ వ్రతం. షెడ్డోలందరూ వస్తన్నారు. నీల్లు తేవాల, రవ్వ ఏపాల. లోపలికి ఎల్లు.”

మరి ముద్రపడిన పొట్ట ఎందుకు పెరుగుతోంది? ఈ చిక్కును విప్పిన మహానుభావుడు హెడ్ క్లర్కు శంకరరావు. కొళాయి దగ్గర కనకాన్ని చూసిన తన భార్య కడుపని ఇంట్లో అంటే, అతడు షెడ్డులో, “ఏటి బావా, యాభై దగ్గరికొచ్చినా బాయిలరు చల్లారనేదన్నమాట” అన్నాడు. సిగ్గున్నవాడు కాదని చెప్పేవాడు. త్రినాథరావు గారు మీసం దువ్వారు. సాయంత్రానికల్లా రైల్వే కాలనీ అంతటా వార్త పాకింది. లోపం ఉండడానికి వీల్లేదు గనక, ఉన్నది వరమే అని ఆయన తనను తాను కూడా నమ్మించుకున్నారు. ఇప్పుడు భార్య సూదికి వెళితే వరపుత్రుడు కాస్తా గిన్నెలోకి దిగిపోతాడు! అందుకే బుధవారాలు రద్దయ్యాయి.

కనకం వెనక్కి తిరిగి బిందె అందుకుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె నేర్చిన విద్య అదొక్కటే... రెండు బిందెలు తెచ్చింది. మూడో బిందె ఎత్తేసరికి కుట్ల వెంబడి నిప్పు పాకినట్టయింది. ఒళ్ళు చలితో వణికింది. తడిక చాటున చతికిలబడిపోయింది.

అక్కడికి అత్త అప్పయమ్మ వచ్చింది, చేతిలో పాత చీర చింపిన గుడ్డతో. కాలనీలో సగంమంది బాలింతలకు నడుంకట్టు కట్టిన చెయ్యి అది. పది రోజులుగా కోడలితో ఆమెకు మాటల్లేవు.

“ఊరందరి కడుపులూ నా సేతిమీద నడిసినాయి. నా ఇంటి కడుపు కబురు నాకు కొళాయి కాడ తెలిసినాదే. దాసుకున్నావు గదే నా కాడ.”

“కడుపేటత్తా... నాకు ముట్టు ఆగనేదు.”

అప్పయమ్మ కోడలి పొట్టకు ఒక పక్క అరచెయ్యి ఆనించి, రెండో పక్క వేలితో తట్టింది. అల వచ్చి అరచేతికి తగిలింది. మోకులా బిరుసెక్కిన కుట్లమీద తోలు ఎర్రగా కాలిపోతోంది.

“ఇది నీరు. ఏడెక్కిపోనాది. మరి కడుపని ఎవుడు సెప్పినాడు?”

కనకం సావిటికేసి చూసింది. ఆ తల్లికి ఇక జవాబు అక్కర్లేదు. కొడుకు మీసాన్ని అది మొలవకముందు నుంచీ ఎరుగును.

సావిట్లో అతిథులు కూర్చున్నారు. పురోహితుడు జంటపీటలు వేసి పిలుస్తున్నాడు. నడుంకట్టు బిగించిన కోడలిని భుజానికి ఆనించుకుని అప్పయమ్మ బయటికి వచ్చింది.

“ఒరే త్రినాథా, నువ్వొక్కడివే కూకో. ఊరంతా సెప్పుకున్న కడుపు నీది. నువ్వే మొయ్యి, నువ్వే కను.”

“అమ్మా... జనం...”

“జనానికే సెప్తన్నాను. నా కోడలి పొట్టలో ఉన్నది నీరు. సీము పడితే సచ్చిపోద్ది. శంకరం బాబూ, నువ్వు సదువుకున్నోడివి. ఆ కాగితంలో ఏటున్నాదో తెలుగులో సెప్పు.”

శంకరరావు పటం దించి, కుంకుమ తుడిచి చదివాడు. “ప్రతి బుధవారం తప్పక పంపవలెను. బరువు ఎత్తనీయరాదు.” వెనక ఎవరో ఖలాసీ దగ్గుగా మార్చబోయిన నవ్వు నవ్వుగానే మిగిలింది. షెడ్డు చక్రవర్తి గారు పీటమీద ఏకాకిగా, చేతిలో అక్షతలతో, చూడదగ్గట్టుగా ఉన్నారు.

టాంగాలో అత్తాకోడళ్ళు ఆసుపత్రికి వెళ్ళారు. గిన్నెడు నీరు దిగింది. “రేపటికైతే చీము పట్టేది” అన్నాడు డాక్టరు. తర్వాత, తాను విప్పిన నడుంకట్టు గుర్తొచ్చి, “అంత బాగా ఎవరు కట్టారు?” అని అడిగాడు. అప్పయమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“నువ్వు నీల్లు మోస్తంటే నాను సూస్తా కూకున్నానే తల్లీ... నాకొక్క మాట సెప్పొచ్చు గదే?”

“సెప్తే మీ కొడుకు మాట పోద్దని, అత్తా...”

“ఆడి మాట నిలబెట్టడానికి ఇంతకాలం నీ నడుమే దొరికినాదేటే?” అంటూ ముసలామె కోడలిని దగ్గరికి తీసుకుని ఏడ్చింది.

మరో నాలుగు బుధవారాలకు సూది పొడిగా వచ్చింది. రోజూ మధ్యాహ్నం అత్త వేళ్ళు నూనె అద్ది రుద్దగా రుద్దగా, మోకులాంటి మచ్చ మెత్తబడసాగింది. ఆఖరిసారి ఆసుపత్రి నుంచి కనకం ఇంటికొచ్చేసరికి త్రినాథరావు గారు గుమ్మంలోనే ఉన్నారు, ఈసారి పక్కకు జరిగి.

“చిట్టీ ఇచ్చినాడేటి?”

“ఇచ్చినాడండి. అత్తయ్య పెట్టెలో దాసినారు.”

“ఏటని రాసినాడు?”

కనకం నెమ్మదిగా మంచంమీద ఒరిగింది. “ముద్ర ఉన్నాదండి. మీకది సాలు గదా.”

చార్జిమన్ గారు గోడమీది ఖాళీ మేకును చూశారు. పిమ్మట బిందె అందుకుని కొళాయికేసి బయలుదేరారు.