రికార్డులో లేని గది

హిందూపురం రైల్వే స్టేషన్ ముందు టీ తాగుతున్న ఇంజనీర్ బాలాజీతో, ముసుగు కప్పుకున్న ఒక స్త్రీ నవ్వుతూ చెయ్యి కలిపింది. ఆమె జనంలో కలిసిపోయేలోగా అతను కుప్పకూలి చనిపోయాడు. అరచేతిలో సూదిపోటంత ఎర్రటి చుక్క. మెడలోని ఐడీ కార్డు లేదు. శత్రు డ్రోన్లను పసిగట్టే రాడార్ కోడ్ మొత్తం ఆ కార్డులోని చిప్‌లో ఉంది.

మూడు రోజుల తర్వాత ఉదయం సోమందేపల్లి దగ్గర హైవే పక్కన ఆగిన నల్లకారులో, గూఢచార సంస్థ ఎస్ బ్యూరో చీఫ్ నాగభూషణం తన సీనియర్ ఏజెంట్‌కు బ్రీఫింగ్ ఇస్తున్నాడు.

"జగదీష్, ఆ చిప్ ఈ రోజే విదేశీ ముఠా చేతికి పోతుంది. మన ఇన్‌ఫార్మర్ వెన్నెల చెప్పింది. కొరియర్ పేరు కుమారస్వామి. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మొన్న పొద్దున్నే ఎత్తుకొచ్చాం. పెనుకొండ కొండ కింది బంగళాలో ఉన్నాడు. నోరు విప్పించు."

"అరెస్ట్ మెమో సార్?"

"ఏ మెమో లేదు. అసలు ఆ మనిషే మన దగ్గర లేడు. అర్థమైందా?"

అర్థమైంది. రాసుకోవడానికి తీసిన పెన్నును జగదీష్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

వెన్నెల అసలు పేరు మంజులత. బెంగళూరులో ఫ్యాషన్ డిజైనర్. ముఠాలో ఉంటూ రెండేళ్లుగా బ్యూరోకు సమాచారం అందిస్తోంది. ఆమె మాటంటే చీఫ్‌కు గురి. ఆమె నవ్వంటే ఇంకా గురి అని ఆఫీసులో చెప్పుకునేవారు.

బంగళా కిటికీలకు లోపలినుంచి రేకులు కొట్టేశారు. గదిలో బల్బు ఆరదు. నేల మీద కూర్చున్న కుమారస్వామి పెదవి చిట్లి ఉంది. కాపలా ఆఫీసర్ రమేష్ లాఠీ ఎత్తి, అతని వేళ్లను నేల మీద పరచమంటున్నాడు.

"మగ్గం మనిషి కదా సార్. వేళ్ల జోలికెళ్తే చెప్పేస్తాడు."

"లాఠీ దించు," అన్నాడు జగదీష్.

కుమారస్వామి తలెత్తాడు. "నన్నెందుకు పట్టుకొచ్చినారో అదన్నా చెప్పు సార్. రెండు దినాలాయ. నేను యాడుండానో మా ఇంట్లో తెలీదు."

"చిప్ ఎక్కడుంది?"

అతను తలుపు వైపు చూసి నోరు మూసుకున్నాడు. ఆ చూపులో ఉన్నది మొండితనం కాదు, భయం. తలుపు దగ్గర రమేష్ తప్ప ఎవరూ లేరు. ఈ మనిషి ఎవరికి భయపడుతున్నాడు?

జగదీష్ వరండాలోకొచ్చి చీఫ్‌కు ఫోన్ చేశాడు. "సార్, ఇరవై నాలుగు గంటలు ఎప్పుడో దాటాయి. ఇతన్ని మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నాను."

"పిచ్చా? దేశం ముఖ్యమా, ఒక నేతగాడు ముఖ్యమా?"

"ఆ నేతగాడిది కూడా ఇదే దేశం సార్."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. ఇతని వేళ్లు మాత్రం పోనివ్వను."

జగదీష్ తన ఫోన్‌ను కుమారస్వామి చేతికిచ్చాడు. "ఇంటికి చెప్పుకో."

వ్యాన్‌లో ఈ దారిన తీసుకెళ్లారని ఎవరో చెప్తే, అతని భార్య అనసూయమ్మ అప్పటికే పెనుకొండ వీధుల్లో తిరుగుతోంది. ఫోన్ రాగానే పరుగున కోర్టుకొచ్చింది. భర్త పెదవి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

మేజిస్ట్రేట్ మేరీ ముందు రమేష్ నీళ్లు నమిలాడు. "అరెస్ట్ కాదు మేడమ్, ఊరికే విచారణ..."

"ఊరికే విచారిస్తే పెదవి చిట్లుతుందా?" ఆమె అతన్ని బయటికి పంపించి, ఒక న్యాయవాదిని పిలిపించి కుమారస్వామి పక్కన కూర్చోబెట్టింది. "ఇక్కడ నిన్నెవరూ ఏమీ చేయరు. చెప్పాలనుకుంటేనే చెప్పు."

కుమారస్వామి భార్య చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"పెండ్లిచీర కావల్లని మా ఇంటికొకాయమ్మ వచ్చింది తల్లీ. మంజులతంట. నిన్న ఆ బంగళాకీ వచ్చింది. వాళ్లే లోపలికి పంపినారు. అందర్నీ బయటికి పొమ్మని, నా చెవిలో చెప్పింది. 'నేను మీ ఇంటికొచ్చినట్టు నోరు తెరిస్తే నీ పెండ్లాం బతకదు' అని. యాడ చెప్పేది తల్లీ? ఆడుండేవాళ్లంతా ఆయమ్మకు సలాం కొడతాంటే!"

ఇతన్ని కొరియర్ అని పట్టించిందీ, నోరు మూయించిందీ వెన్నెలే. రికార్డులో లేని గదిలోకి ఎవరొచ్చారో, ఎవరు పోయారో కూడా రికార్డులో లేదు. చట్టానికి మూసిన తలుపులోంచి శత్రువు దర్జాగా నడిచి వెళ్లింది.

అనసూయమ్మ ముందుకొచ్చింది. "ఆయమ్మ మా ఇంట్లో కూర్చోని ఫోన్లో కన్నడంలో మాట్లాడె సార్. నాది కర్ణాటక పక్కనుండే అగళి, మాకు కన్నడం వస్తాది. శుక్రారం మధ్యాన్నం పెండ్లి బస్సులో అగళి దాటి పోతాము, చెక్‌పోస్ట్ గేటు అవతల కారు పెట్టుకోండి అనె. అనుమానమొచ్చి ఈ మాట చెప్పల్లని మీ ధర్మవరం క్యాంపుకు పోతే, 'నీ మొగుడు మా దగ్గర లేడు, పో' అని తరిమిరి."

ఆ రోజు శుక్రవారం.

మేజిస్ట్రేట్ అప్పటికే వారంట్ రాస్తోంది. కోర్టులో ఉన్న ఎస్సై అమృత దాన్ని అందుకుని జీపు వైపు పరుగెత్తింది. జగదీష్ ఆమె వెనకే ఎక్కాడు. హిందూపురం, మడకశిర వెనక్కిపోయాయి. చీఫ్ తన బలగాలన్నిటినీ వెన్నెల మాట మీద కదిరిలో మోహరించాడు. ఈ దారిలో వాళ్లిద్దరే.

అగళి దాటాక, పూలదండలు కట్టిన బస్సు సరిహద్దు చెక్‌పోస్ట్ ముందు ఉంది. గేటు కర్ర పైకి లేస్తోంది. అమృత జీపును బస్సుకు అడ్డంగా తిప్పి ఆపింది.

లోపల ముందు సీట్లో పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుంది. నుదుట బాసికం, ఒంటి మీద ధర్మవరం పట్టు.

"శుభాకాంక్షలు, వెన్నెల," అన్నాడు జగదీష్.

మంజులత నవ్వి, లేచి చెయ్యి చాచింది. వేలి ఉంగరంలో సూది మొన తళుక్కుమంది. అది అతని చేతికి తగిలేలోగా అమృత ఆ మణికట్టు పట్టి, వెనక్కి విరిచి, బేడీ వేసింది. బాసికం ఊడి కిందపడింది. దాని అట్ట పొరల మధ్య బాలాజీ చిప్ ఉంది.

"బాలాజీ హత్య, గూఢచర్యం. ఈ నేరాల కింద మిమ్మల్ని అరెస్ట్ చేస్తున్నాను," అమృత స్పష్టంగా చెప్పింది. "లాయర్‌ను పిలుచుకోవచ్చు. మీవాళ్లెవరికి చెప్పమంటారు?"

మంజులత గేటు అవతలికి చూసింది.

సాయంత్రం కుమారస్వామిని ఇంటికి పంపిస్తూ, అక్రమ నిర్బంధం గురించి మేజిస్ట్రేట్ నాగభూషణానికి నోటీసు పంపింది. అందిన మరుక్షణం జగదీష్ ఫోన్ మోగింది. అవతల చీఫ్.

"జగదీష్, వాళ్లు నన్ను ఊరికే లోపలేసెయ్యలేరు కదా? లాయర్‌ను పెట్టుకోవచ్చు కదా? నాకూ హక్కులుంటాయి కదా?"

"ఉంటాయి సార్," అన్నాడు జగదీష్. "రాజ్యాంగంలో నేతగాళ్లకు, చీఫ్‌లకు వేరువేరు పేజీల్లేవు."