ఆపరేషన్ కొలిమి

“మామిడిపళ్లు వచ్చాయా?”

“ఆగస్టులో ఎక్కడివి సార్? పచ్చడి సీసాలే ఉన్నాయి.”

కోడ్ సరిపోయింది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, ఓ ఇండియన్ గ్రోసరీలో, ఇడ్లీ రవ్వ బస్తాల వెనుక చీఫ్ దక్షిణామూర్తి గొంతు తగ్గించాడు. లోన్‌క్రెస్ట్ గ్లాస్ కంపెనీ రహస్యాలు కాపాడే విభాగానికి ఆయనే అధిపతి. ఎదురుగా నిలబడ్డ సృజన్ ఆయన నంబర్ వన్ ఏజెంట్. నంబర్ టూని పోయిన నెలే ఖర్చు తగ్గింపులో పంపేశారు.

“జర్మనీ గూఢచారుల రింగ్ ఒకటి మన కొత్త కొలిమి డిజైన్ మీద కన్నేసింది. సగం గ్యాస్‌తో గాజు కరిగించే కొలిమి. అక్కడ గ్యాస్ రేటు మనకంటే చాలా ఎక్కువ, ఫ్యాక్టరీలు మూతపడుతున్నాయి. ఇది దొరికితే లేచి కూర్చుంటారు.”

“మరి మనం ఎందుకు వాడటం లేదు సార్?”

“మనకి గ్యాస్ చవక కదయ్యా! అందుకే తాళం వేసి పెట్టాం.” దక్షిణామూర్తి చేతి గడియారం ఒకటి అందించాడు. “డిజైన్ చేసిన అవనినే ఎర వేశాం. అమ్ముతానని వాళ్లని నమ్మించింది. ఈరోజు ఐదులోపు నకిలీ ఫైల్ మెయిల్ చేస్తుంది. పొరపాటున అసలుది కదిలిందా, ఈ వాచ్ వణుకుతుంది. ఫోన్‌లో ఫైల్‌ని ఆపే బ్లాక్ యాప్ ఉంది. ఒక్క నొక్కు!”

నాలుగున్నరకి సృజన్ ఏసీ మెకానిక్ వేషంలో లాస్ కొలినాస్‌లోని కంపెనీ ఆఫీసు ఆరో అంతస్తులో నిచ్చెన ఎక్కి ఉన్నాడు. కింద అవని. మెరూన్ లిప్‌స్టిక్, నల్ల కోటు, వజ్రపు ముక్కుపుడక. ఆమె నడుస్తుంటే జర్మనీ రింగ్ ఏమిటి, టెక్సస్ మొత్తం ఫైళ్లు అప్పగించేలా ఉంది.

నాలుగూ యాభై రెండుకి వాచ్ వణికింది.

సృజన్ నిచ్చెన మీంచి దూకాడు. “అవనీ, ఆగండి! అది అసలు ఫైల్!”

“తెలుసన్నా.” ఆమె తల తిప్పలేదు. “ఎరగా ఉంటే గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తమన్నరు. పొద్దున లేఆఫ్ లెటర్ చేతుల పెట్టిన్రు. ఐదింటికి లాప్‌టాప్ గుంజుకుంటరట. అరవై రోజుల్ల ఇంకో జాబ్ దొరక్కపోతే దేశం విడిచి పోవాలె.”

“చీఫ్ నాకు చెప్పలేదు.”

“ఆయనకి మాత్రం ఎవరు చెప్తరు? అది హెచ్ఆర్ పని.” స్క్రీన్ మీద అప్‌లోడ్ గీత మెల్లగా నిండుతోంది. “ఈ ఫైల్ అందితే అక్కడ జాబ్ ఇస్తరు. జీతం సగమే. అయితేంది, ఆరు వారాలు సెలవు. పాపకి జ్వరమొస్తే ఇంట్ల ఉండొచ్చు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు.”

సృజన్ బ్లాక్ నొక్కాడు. ‘మీ అభ్యర్థన మేనేజర్ ఆమోదానికి పంపబడింది’ అంది యాప్. దక్షిణామూర్తికి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నాడు. ఫైల్ ఆగనూ లేదు, ఆపాలని సృజన్‌కి మనసూ లేదు. నంబర్ వన్ ఏజెంట్ ఏసీ మెకానిక్ టోపీ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

నాలుగూ యాభై ఏడు. మెయిల్ వెళ్లింది. అవని కళ్లు మూసుకుని గుండె నిండా గాలి పీల్చుకుంది.

టింగుమని జర్మనీ నుంచి జవాబు వచ్చింది. ఇద్దరూ వంగి చదివారు.

‘నమస్కారం. ఈ శుక్రవారం సాయంత్రం ఐదు గంటల నుంచి మూడు వారాలు సెలవులో ఉన్నాను. భార్యతో, ఇద్దరు పిల్లలతో సముద్రం ఒడ్డున ఉంటాను. ఈ లోగా వచ్చే మెయిళ్లు చదవకుండానే డిలీట్ అవుతాయి. తిరిగొచ్చాక మళ్లీ పంపండి.’

“శుక్రవారం అంటే...” అవని వేళ్ల మీద లెక్కపెట్టింది. “వాళ్ల దగ్గర ఐదు అయిపోయి ఏడు గంటలాయె. నేను మన టైం లెక్కనే అనుకున్న. ఎవరో ఒకరు ఆన్‌లైన్‌ల ఉంటరనుకున్న.”

“ఇంకో అడ్రస్ ఉందా? త్వరగా!” అన్నాడు సృజన్. ఎవరి పక్షాన అంటున్నాడో అతనికే తెలియలేదు.

ఆమె వేళ్లు కీబోర్డ్ మీద పరిగెత్తాయి. ఐదయింది. స్క్రీన్ నల్లబడింది. ఆమె ఎనిమిదేళ్ల రీడింగులు, ప్రయోగాలు అందులోనే ఉండిపోయాయి.

 ఆ నల్లటి స్క్రీన్‌ని చూస్తూ అవని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“అందుకే కదన్నా, నేను అక్కడికి పోదామనుకున్నది.”

 సృజన్ ఆమె సామాన్ల అట్టపెట్టెని లిఫ్ట్ దాకా మోశాడు. చేయగలిగింది అంతే.

ఐదూ పదికి దక్షిణామూర్తి ఫోన్ చేశాడు. “శభాష్! మన ట్రాకర్ చెబుతోంది, అవతల ఫైల్ డిలీట్ అయిందట! ఎలా చేశావయ్యా? సరే, ఈ వీకెండ్‌లో రిపోర్ట్ పంపెయ్.”

పార్కింగ్ లాట్‌లో, ఎండకి కాలిపోతున్న కారులో కూర్చుని సృజన్ ఫారం తెరిచాడు. ‘శత్రువుల ఆపరేషన్‌ని విఫలం చేసిన అధికారి హోదా’ అని అడిగింది. కాసేపు ఆలోచించి టైప్ చేశాడు: ‘ఇద్దరు పిల్లల తండ్రి. ప్రస్తుతం ఈత కొడుతున్నారు.’