పదహారు బై పన్నెండు మూత

కాట్పాడి రోడ్డులో బాయిలర్ ఇన్‌స్పెక్టర్ కుప్పన్‌ని లారీ గుద్ది చంపినప్పుడు పట్టపగలు. లారీ ఆగలేదు. కుప్పన్ చొక్కా జేబులో ఒక చీటీ దొరికింది: "గుడియాత్తం. పదహారు బై పన్నెండు."

మర్నాడు పొద్దున ఏడింటికి, వేలూరు బస్టాండు ఎదుట నిలిపిన కారులో సామ్యుల్ ఆ చీటీని మోహన చేతికిచ్చాడు. ఇంటెలిజెన్స్‌లో అతను ఆమెకి పై అధికారి. మాటలు పొదుపుగా వాడే మనిషి.

"మ్యాన్‌హోల్ సైజు సార్, అంగుళాల్లో," అంది మోహన. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఆమె బాయిలర్లు కట్టే కంపెనీలో పనిచేసింది. "మనిషి దిగడానికి బాయిలర్‌కి పెట్టే కోడిగుడ్డు ఆకారపు ద్వారం. మూత లోపలివైపు నుంచి కూర్చుంటుంది. ఆవిరి తోసేకొద్దీ బిగుసుకుంటుంది."

"మూత పగిలితే?"

"ఆ షెడ్డులో ఎవరూ మిగలరు."

"ఇవాళ పదకొండింటికి ఊరి బయట డిఫెన్స్ ప్లాంట్‌లో కొత్త బాయిలర్ ట్రయల్. నలభైమంది ఇంజనీర్లు. మూత సప్లై చేసిన బ్రోకర్ పేరు షాలిని. వెనక విదేశీ ముఠా ఉంది. అనుమానం మీద ట్రయల్ ఆపరు, సాక్ష్యం కావాలి. నువ్వు పర్చేజ్ ఆఫీసర్ వేషంలో గుడియాత్తం లేత్ వర్క్‌షాపుకి వెళ్ళు. కోడ్‌వర్డ్ ఆ సైజే."

"కుప్పన్ కూడా ఒంటరిగానే వెళ్ళాడు కదా సార్?"

సామ్యుల్ కారు స్టార్ట్ చేశాడు.

గుడియాత్తంలో మగ్గాల చప్పుడు దాటి, నూలుకి రంగులద్దే షెడ్డు వెనక లేత్ వర్క్‌షాపు. ఓనరు జానకిరామన్ నేతగాళ్ళ ఇంట పుట్టి ఇనుప పనిలోకి వచ్చిన ముసలాయన.

"యాడ నుంచి వచ్చినావమ్మా?"

"వేలూరు నుంచి నాయనా. అర్జంటుగా మ్యాన్‌హోల్ మూత కావాల. పదహారు బై పన్నెండు."

ముసలాయన చేతిలోని గుడ్డ జారిపోయింది. లోపలి గదిలోంచి షాలిని బయటికొచ్చింది. ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. లేత్ మిషను నూనె కంపుని కూడా ఓడించే సెంటు.

"శాంపిల్ ఉంది, చూసుకోండి," అని నవ్వి, ఫోన్ మోగితే గుమ్మంలోకి నడిచింది.

మోహనకి దొరికింది ఒక్క నిమిషం. జడలోని కొబ్బరినూనె వేలికి రాసుకుని మూత మధ్యలో పూసింది. చేతి గడియారం విప్పి దాని వెనకభాగం అక్కడ అదిమింది. అది గడియారం కాదు, ఇనుము మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్; నూనె తడి ఉంటేనే పనిచేస్తుంది. నలభై మిల్లీమీటర్లు చూపించాలి. ఆరు చూపించింది.

జానకిరామన్ గుమ్మం కేసి ఒకసారి చూసి దగ్గరికొచ్చాడు. "నడుమ తొలిచి టంకం పోసినామమ్మా. షోరూములో పెట్టే బొమ్మ అనిరి. రెండు చేసినాము. ఒకటి పోయిన నెలే ఎత్తుకొని పోయిరి."

అంటే ఆ ఒకటి ఇప్పటికే ప్లాంట్ బాయిలర్‌కి బిగించి ఉంది. చల్లటి నీళ్ళతో చేసే హైడ్రో టెస్టులో ఈ మూత దర్జాగా నిలుస్తుంది. ఆవిరి పది కేజీల ప్రెషర్‌కి చేరితే ఆ వేడికి టంకం కరుగుతుంది. ఆపైన అడ్డుండేది ఆరు మిల్లీమీటర్ల రేకు!

"గడియారం బాగుంది," అంది వెనకనుంచి షాలిని. ఆమె చేతిలో పిస్టల్.

ఫోన్, ఐడీ కార్డు లాక్కుంది. మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. కుప్పన్‌కి చివరి క్షణంలో అంతా అయిపోయిందని ఇలాగే తెలిసి ఉంటుందా?

షాలిని ఆమె చెవి దగ్గరికి వంగింది. "రెండేళ్ళుగా నేను సామ్యుల్ మనిషిని. ఆ చీటీ కుప్పన్‌కి ఇచ్చింది నేనే. బయట కార్లో ముఠా మనిషి ఉన్నాడు. నువ్వు చచ్చావని నమ్మాలంటే వాడికి తుపాకీ చప్పుడు వినబడాలి, నీ ఫోన్ చేతికందాలి. కదలకు."

నమ్మాలో వద్దో తేల్చుకునే వ్యవధి లేదు. రెండు గుండ్లు చెవి పక్కనుంచి దూసుకెళ్ళి ఇసుకబస్తాలో దిగాయి. తలలో గుయ్యిమన్న హోరు. ఫోన్, ఐడీ కార్డు పట్టుకుని షాలిని బయటికి నడిచింది, కారు వెళ్ళిపోయింది. తను బతికే ఉన్నానని నమ్మడానికి మోహన తన మెడ తానే తడుముకుంది.

జానకిరామన్ ఫోన్‌లో మోహన అంతా చెప్పగానే సామ్యుల్ అరిచినంత పనిచేశాడు. "ప్లాంట్ లోపల జామర్లు, సెల్‌ఫోన్లు పలకవు. ల్యాండ్‌లైన్ ఎవరో కోసేశారు. గేటుకి మనిషిని పంపుతున్నాను, లోపలికి రానిస్తారు. బాయిలర్ సంగతి తెలిసింది నీకే, ఆపడం నీ పని!"

"సీక్రం ఎక్కమ్మా," అన్నాడు ముసలాయన, మోపెడ్ తిప్పి. ముప్ఫై అయిదు కిలోమీటర్లు. దాటిన ప్రతి లారీకీ మోహన కళ్ళు మూసుకుంది.

బాయిలర్ షెడ్డులో అడుగుపెట్టేసరికి ప్రెషర్ గేజ్ ముల్లు తొమ్మిదిన్నర మీద ఉంది.

"మంట ఆపండి! ఆ మూత డొల్ల!"

చీఫ్ ఇంజనీర్ గోపినాథ్ ఆమె మట్టి కొట్టుకున్న చీర కేసి చూశాడు. "సర్టిఫికెట్లు క్లియర్. హైడ్రో టెస్ట్ పాస్. మీ ఐడీ ఏది? సెక్యూరిటీ!"

ఇద్దరు గార్డులు రెక్కలు పట్టుకున్నారు. ముల్లు పది మీదికి వచ్చింది. బర్నర్ దగ్గర నిలబడ్డ బాయిలర్ అటెండరు ఆరోకియమేరి వైపు చూసి మోహన గొంతు చించుకుంది. "అక్కా! మూత నడుమ చూడక్కా! టంకం పోసినారు, కరిగిపోతాది!"

ఆరోకియమేరి వంగి చూసింది. మూత నడిబొడ్డున వెండిలాంటి చుక్క ఒకటి ఊరి, కిందికి జారింది. వెనకే ఇంకొకటి.

"ఏమి ఇంజనీరయ్యా, ఇనుము చెమట పోస్తాదా?" అంటూనే ఆమె మంటకి వెళ్ళే ఆయిల్ వాల్వు మూసేసింది. రెండో చేత్తో ఆవిరి వదిలే చక్రం పట్టింది. అది కదల్లేదు. గార్డుల్ని విదిలించుకుని మోహన వెళ్ళి దాని మీద వేలాడింది. చక్రం కిర్రుమంది. మూత ఉబ్బి టంగుమని మోగింది. ఆవిరి షెడ్డు కప్పు పైనుంచి చెవులు చిల్లులుపడేలా ఎగజిమ్మింది.

ముల్లు పది దగ్గర తటపటాయించింది. తొమ్మిది. ఏడు. నాలుగు.

గోపినాథ్ నేలమీద గడ్డకట్టిన వెండి చుక్కల్ని చూస్తూ కూలబడ్డాడు.

గంట తర్వాత సామ్యుల్ కబురు తెచ్చాడు: షాలిని ఇచ్చిన నంబరుతో ఆ కారుని పేర్ణాంబట్టు రోడ్డులో పట్టుకున్నారు. ముఠా మొత్తం దొరికింది. షాలిని క్షేమం.

ఆరోకియమేరి టీ గ్లాసు తెచ్చి మోహన చేతిలో పెట్టింది. "బాగా బయపడితివా అమ్మా?"

"లేదక్కా," అంది మోహన.

అప్పటికే టీలో సగం ఆమె చీర మీద ఉంది.