మేకు మీద మసి

ఆర్పే ఉద్యోగంలో ఆర్జనెంత అన్న ప్రశ్న రాంబాబు నోట్లోంచి ముందు రోజే జారిపోయింది. అదీ గవర్నర్‌పేట టీకొట్టు దగ్గర, పదిమంది వింటుండగా. పేపర్లో హనుమాన్ జంక్షన్ అగ్నిప్రమాదం వార్త చూసి, అందులో పేరొచ్చిన అగ్నిమాపక అధికారి జీతమెంతో ఫోన్లో వెతికాడు. ఆ జీతానికీ, కంకిపాడులో ఆయన కట్టిన మేడకీ పొంతన లేదని తేల్చాడు. పైగా, "నిప్పు లేనిదే పొగ రాదు. ఈయన దగ్గర రెండూ ఉన్నాయి" అని ఒక చమత్కారం విసిరాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒకడు దాన్ని వాట్సాప్‌లోకి ఎక్కించాడు.

మర్నాడు పొద్దున్నే ఆ అధికారే పప్పుల కొట్టు పక్క మెట్లెక్కి, "సీతారావమ్మ, ప్రైవేట్ డిటెక్టివ్" అన్న బోర్డు కిందనుంచి లోపలికొచ్చి, సరిగ్గా రాంబాబు ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

సీతారావమ్మ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున అగ్నిప్రమాదాలు దర్యాప్తు చేసి చేసి రిటైరైన మనిషి. ఆ ఉద్యోగంలో జీతమెంతని ఎవరడిగినా ఆవిడ జవాబొకటే: "అదీ నిప్పులాంటిదే నాయనా. ఒకటో తారీకున మంట, పదో తారీకుకి బూడిద." ఆవిడ తుమ్మినా అందులో ఆధారం వెతికే భక్తుడు, ఆవిడ అసిస్టెంటు రాంబాబు.

వచ్చినాయన పేరు శివాజీ. ఫ్యాను తిరుగుతున్నా చెమటలు కక్కుతున్నాడు.

"నన్ను నిర్దోషిని చెయ్యమని రాలేదండీ," అన్నాడు. "నా తప్పు ఎంతవరకో తేల్చి చెప్పమని వచ్చాను."

ఆయన చెప్పింది ఇదీ. జంక్షన్ దగ్గర రాముడు అనే చేపల వ్యాపారికి గోడౌను ఉంది. చేపలు ప్యాకింగ్ చేసే థర్మాకోల్ పెట్టెలు, వలలు అందులో ఉంటాయి. పోయిన శుక్రవారం సాయంత్రం అది తగలబడింది. కాపలావాడు రత్తయ్య రెండు చేతులూ కాలి, బెజవాడ ఆసుపత్రిలో ఉన్నాడు. అతని భార్య గంగారత్నం ప్రతి శుక్రవారం గోడౌన్లో అమ్మవారి పటం ముందు దీపం పెడుతుంది. ఆ దీపమే పడి అంటుకుందని అందరూ అంటున్నారు, ఆవిడతో సహా. అంతకు కొన్ని నెలల ముందు ఆ గోడౌను భద్రంగా ఉందని ఎన్‌ఓసీకి సంతకం పెట్టింది శివాజీ. ఇప్పుడు ఆయన మీద ఎంక్వైరీ వేశారు. ఉద్యోగం ఊడేలా ఉంది.

"మరి తిన్నారా?" అంది సీతారావమ్మ.

"తిన్నానండీ."

రాంబాబు పెన్ను ఆగిపోయింది.

"పప్పుచారు, కొరమీను వేపుడు. వాళ్ళింటినుంచి తెప్పించి, గోడౌన్లోనే విస్తరి వేసి మరీ పెట్టారు. రూపాయి తీసుకోలేదు. కానీ విస్తట్లో చెయ్యి కడిగాక, గోడకి వేలాడుతున్న ఎర్ర బకెట్లు నావైపే చూస్తున్నట్టనిపించింది. వాటి మీద పక్క రైస్‌మిల్లు పేరు. రంగు పూశారు గానీ అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. మా చెకింగ్ ఉందంటే ఆ చుట్టుపక్కల బకెట్లూ సిలిండర్లూ ఒక షెడ్డునుంచి ఇంకో షెడ్డుకి ఊరేగుతాయండీ, పెళ్ళిళ్ళ సీజన్లో షామియానా తిరిగినట్టు. నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను."

మేడ సంగతి ఆయనంతట ఆయనే చెప్పాడు. అత్తగారు గంగాదేవి ముప్ఫై ఏళ్ళు చేపలమ్మి కట్టుకుందట. తన జీతం ఉప్పుకైతే, ఆవిడ చేపలు కప్పుకి. తర్వాత ఫోను తీసి ఒక మెసేజ్ చూపించాడు. స్కూల్లో పాఠాలు చెప్పే తన భార్య హేమకి పిల్లల తల్లులే దాన్ని పంపారట. నిప్పు లేనిదే పొగ రాదు. ఈయన దగ్గర రెండూ ఉన్నాయి.

తన చమత్కారం తనకే అంత చేదుగా ఉంటుందని రాంబాబుకి అంతవరకూ తెలియదు. తల వంచుకుని, రాయాల్సిందేమీ లేకపోయినా ఏదో గీస్తూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ జంక్షన్‌కి వెళ్ళారు. గోడౌను పైకప్పు రేకులు వలల మూలన పూర్తిగా చిట్లి కిందికి వేలాడుతున్నాయి. గుమ్మం పక్క మూల, అంటే అమ్మవారి మూల, పైపైనే కమిలింది. సీతారావమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని గోడ పొడుగునా నడిచింది. గోడంతా మసి. గడియారం ఊడి పడిపోయినా, అది ఉన్నచోట గుండ్రంగా తెల్లటి సున్నం మిగిలింది. రేకు బోర్డు ఉన్నచోట పొడుగ్గా తెలుపు. గుమ్మం పక్కన ఒక మేకు ఉంది. అదీ, దాని కింద గోడా ఒకే నలుపు. ఆవిడ వంగి, మేకు కింద బూడిదని పుల్లతో కెలికింది. ఇత్తడి దీపపు కుంది దొరికింది, ఇంకేమీ దొరకలేదు.

"గంగారత్నం, పటం ఈ మేకుకేనా?" గుమ్మం బయట నిలబడ్డ రత్తయ్య భార్యని అడిగింది.

"దీనికేనమ్మగారూ. ఇంత అద్దం పటం. సందేళ దీపమెట్టి, దండేసి, దణ్ణమెట్టుకునే ఇంటికెళ్ళాను." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా చేత్తోనే కాల్చేశానమ్మా ఆయన చేతులు."

యజమాని రాముడు ఆ రోజు మంగళగిరిలో పెళ్ళికి వెళ్ళాడట. సోమవారం వచ్చి సరుకంతా ఒకసారి చూసుకుందామనుకున్నాననీ, ఇంతలో చూడటానికేమీ లేకుండా పోయిందనీ వాపోయాడు. గోడౌను చూసుకునేది అతని బావమరిది సాయిగణేష్. నుదుట బొట్టు, చేతికి మూడు రకాల తాళ్ళు, మాటకోసారి "అమ్మ దయ".

"ముందు నేనే చూశాను మేడం. రోడ్డు మీంచి పొగ చూసి పరిగెత్తుకొచ్చాను. గుమ్మంలోంచే కనబడింది, అమ్మవారి పటం భగభగా మండిపోతోంది. కళ్ళారా చూశాను. పాపం, గంగారత్నం తెలిసి చేసిందా ఏంటి."

సీతారావమ్మ అతని భక్తిని మెచ్చుకుంది. ఆవిడ మెచ్చుకుంటే రాంబాబుకి భయం.

ఆసుపత్రిలో రత్తయ్య చేతులు రెండూ కట్లతో తెల్లగా, కొత్త దిండ్లలా ఉన్నాయి. లారీ వస్తుంది, రోడ్డు మీద ఉండి దారి చూపించమని ఫోనొస్తే వెళ్ళాడట. లారీ రాలేదు. విసుగొచ్చి వెనక్కి వచ్చేసరికి లోపల మంట. బకెట్ల కోసం చూస్తే కొక్కేలే ఉన్నాయి. ఆ మాటకి శివాజీ గోడవైపు తిరిగాడు.

"లోపలికెందుకెళ్ళావయ్యా?" అంది సీతారావమ్మ.

"అమ్మవారి కోసమండి. పటం తీసుకుని వచ్చేద్దామనే. గుమ్మం పక్కనేగా, ఒక్క అంగ. చెయ్యి పెడితే అమ్మవారు లేదండి. కింద పడిపోయిందేమోనని మోకాళ్ళ మీద కూచుని నేలంతా తడిమాను. ఎక్కడా లేదండి." గొంతు తగ్గించాడు. "ఆ మధ్యాహ్నం చుక్కేశాను. శుక్రవారం. అందుకే కోపమొచ్చి లేచిపోయింది తల్లి."

మెట్లు దిగుతూ రాంబాబు మెల్లగా అన్నాడు. "ఈ కేసులో తప్పు నాదంటే నాదని అందరూ ఎగబడుతున్నారు మేడమ్ గారూ. ఒక్కడు తప్ప."

"అదిగో, నీకూ మంట అంటుకుంది," అందావిడ. టీకొట్టు చమత్కారం ఎవరిదో ఆవిడకి తెలిసిపోయిందని అర్థమై, అతను మిగతా మెట్లు గబగబా దిగాడు.

మర్నాడు పొద్దున అందర్నీ కాలిన గోడౌన్లోనే నిలబెట్టింది. కుర్చీలు వేయిద్దామన్నాడు రాముడు. ఇక్కడ కూర్చునే హక్కు ఇంకా ఎవరికీ రాలేదంది. ఇన్‌స్పెక్టరు ఒకాయన గుమ్మం బయట, వచ్చిన పనేమీ లేనట్టు నిలబడ్డాడు.

"గంగారత్నం, నీ దీపం ఏ పాపం ఎరగదు. మంట పుట్టింది వలల మూల, పైకప్పు చిట్లిన చోట. అక్కణ్ణుంచి ఇటు వచ్చింది. ఇక పటం సంగతి. గోడకి వేలాడేది ఏదైనా మంటకి అడ్డం నిలిచి తన వెనక గోడని కాపాడుతుంది. గడియారం కాపాడింది, బోర్డు కాపాడింది. ఈ మేకు కింద మాత్రం నలుపే. సరే, పటం ముందే కాలిపోయిందనుకుందాం. చెక్క కాలుతుంది, కాగితం కాలుతుంది. అద్దం ఏమైనట్టు? గాజు బూడిద కాదు, పగులుతుంది. ఇక్కడ ఒక్క పెంకు లేదు. అంటే, గంగారత్నం దణ్ణం పెట్టుకుని వెళ్ళాక, నిప్పు పుట్టక ముందు, అమ్మవారిని ఎవరో బయటికి తీసుకెళ్ళారు. నిప్పు వస్తుందని తెలిసినవాళ్ళు. పరుల సరుకు కాల్చగలరు గానీ అమ్మవారిని కాల్చలేని వాళ్ళు."

సాయిగణేష్ చేతి తాళ్ళు లెక్కపెట్టుకుంటున్నట్టు తిప్పుకుంటున్నాడు.

"పటం భగభగా మండటం కళ్ళారా చూశానన్నది ఒక్కరే. లేని పటం మండదు సాయిగణేష్. రాని లారీ కోసం రత్తయ్యని పంపిన ఫోనూ నీదేనట, రత్తయ్యే చెప్పాడు. మీ బావ సోమవారం సరుకు చూస్తానన్నాడు. చూడటానికి సరుకుంటేగా. అమ్ముకున్నావు, లెక్క తేలకుండా అంటించావు."

"నువ్వేనట్రా?" అన్నాడు రాముడు, అదీ గట్టిగా కాదు.

"రత్తయ్య లేనప్పుడే చేశాను బావా. మనిషికేం కాకూడదనే పంపించాను. మనిషిని, అమ్మవారిని, ఇద్దర్నీ పంపించే..."

"పంపించావు," అంది సీతారావమ్మ. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "రత్తయ్య తిరిగొచ్చాడు. అమ్మవారు ఈ మేకుకే ఉండి ఉంటే, ఒక్క అంగలో తీసుకుని బయట పడేవాడు. నువ్వు ఆవిణ్ణి కాపాడబట్టే, లేని పటం కోసం మంటల్లో నేల తడిమాడు. నీ భక్తికి అతని చేతులు పోయాయి."

సాయిగణేష్ మసిలోనే కూలబడ్డాడు. "మా ఇంట్లో, బియ్యం డబ్బా వెనక ఉందండీ," అన్నాడు. "రోజూ దణ్ణం పెడుతున్నాను. మొహం చూడలేకపోతున్నాను."

ఇన్‌స్పెక్టరు అతన్ని తీసుకెళ్ళాక, శివాజీ ఇంకా అక్కడే నిలబడ్డాడు. "మరి నా వాటా ఎంతండీ?"

"నిప్పు మీది కాదు. ఆ కొక్కేలు మీవి," అంది సీతారావమ్మ. "ఊళ్ళో బకెట్లు ఊరేగుతున్నాయని ఎంక్వైరీలో మీరే చెబితే ఉద్యోగం మీద ఆశ వదులుకోవాలి. చెప్పకపోతే ఇంకో షెడ్డు కాలుతుంది. నేను చెప్పేదేముంది, అందుకేగా వచ్చారు."

బెజవాడ బస్సులో రాంబాబు ఆయన పక్కన కూర్చున్నాడు. గన్నవరం దాటాక, ఆ మెసేజ్ మాటలు తనవేననీ, జీతం లెక్క కట్టిందీ తనేననీ చెప్పి కిటికీలోకి చూశాడు.

"ఎంతని కట్టావు?"

చెప్పాడు.

"ఎక్కువ చెప్పావు బాబూ," అన్నాడు శివాజీ. "కోతలు మర్చిపోయావు." తర్వాత, "అందులో పెద్ద కోత రేపు ఎంక్వైరీలో పడుతుంది," అన్నాడు. నవ్వాలో వద్దో రాంబాబుకి తెలియలేదు.

ఆఫీసుకి వెళ్ళే ముందు ఆయన ఆసుపత్రి దగ్గర దిగాడు. రాంబాబు వెంట వెళ్ళాడు. గంగారత్నం అప్పుడే క్యారియరు విప్పుతోంది. శివాజీ ఆమె చేతిలోంచి కంచం తీసుకుని మంచం పక్కన కూర్చున్నాడు.

"అమ్మవారు భద్రంగా ఉంది రత్తయ్యా. నీ మీద కోపంతో పోలేదు. ఎత్తుకుపోయారు."

రత్తయ్య ఆ మాట ఇంకోసారి చెప్పమన్నాడు. శివాజీ చెప్పాడు. అతని కళ్ళు నిండాయి, తుడుచుకోవడానికి చేతుల్లేవు. రాంబాబు ముందుకు వంగి తన జేబురుమాలుతో తుడిచాడు.

"తిను," అన్నాడు శివాజీ, పప్పుచారు అన్నం ముద్ద కలిపి నోటికందిస్తూ.